“ద” యను ఆంగ్లపదము – ఉచ్చారణము, అర్థవిచారము

ఆంగ్లభాషయందు మిక్కిలి తఱచుగా వినవచ్చు పదము “ద” యనునది. 1961 వ సంవత్సరమున అమెరికాలో అచ్చయిన గ్రంథపత్రికాదులనుండి భాగముల నేర్చి, బ్రౌన్ విశ్వవిద్యాలయమువారు పది లక్షల పదముల పరిమితిగల యొక సంకలనమును కూర్చిరి. అందు ఈ చిన్నపదము ఇంచుమించుగా 70,000 పర్యాయములు వచ్చినది. అనఁగా నూఱింట ఏడు పదము లిదియే. ఇంత విరివిగా వచ్చు పదమునకు తెలుఁగు పాఠశాలలలో లభించు బోధ మాత్రము తఱచు రెండు వాక్యములకు మించదు. దీనిని “ది” యని పలుకవలెననునది మొదటి వాక్యము. దీని కర్థము “ఆ” యనునది రెండవది. ఈ రెండును కొంతమేరకు సత్యములే. అట్టి కొలఁది సత్యము కలిసియుండుటచేతనే ఇవి ప్రశ్నింపఁబడక నిలిచియున్నవి. మొదటిదానివలన బాలుర యుచ్చారణము చెడుచున్నది. రెండవదానివలన వారి తెలుఁగే చెడుచున్నది.

సంస్కృతవ్యాకరణము నభ్యసించినవారికి ఈ పదము పరాయిది గాదు. దీని మూలము తచ్ఛబ్దముతో నేకమైనది. దీని రూపభేదము సంధికార్యము వంటిది. దీని యర్థము వక్తృశ్రోతల జ్ఞానమునుబట్టి యేర్పడునది. కావున శబ్దశాస్త్రపరిచయముగల పండితులు దీనిని తెలుఁగు విద్యార్థులకు సుబోధముగాఁ జెప్పఁగలరు. ఆ క్రమమే ఈ క్రింద వివరింపఁబడుచున్నది.

సంజ్ఞ

ఆంగ్లవ్యాకర్తలు “ద” యనుదానిని “ఆర్టికల్” అను తెగలోఁ జేర్చిరి. “ఎ”, “ఆన్” అనునవియు ఆ తెగలోనివే. ఆర్టికల్ అను మాటను “ఉపపదము” అని తెలిఁగించు వాడుక గలదు. పాణినీయమున నుపపదమనఁగా, కృత్ప్రత్యయమును విధించు సూత్రములలో సప్తమీవిభక్తిచే నిర్దేశింపఁబడినదానిని తెలుపు పదము; “కుంభకారః” అనుచోట కుంభశబ్ద ముపపదము. దీనికిని ఆంగ్లభాషలోని ఆర్టికలునకును సంబంధము లేదు. రెండు శాస్త్రములను జదువు విద్యార్థికి భ్రాంతి కలుగకుండుటకై ఈ వ్యాసమున “నిర్దేశకము” అను మాట వాడఁబడుచున్నది.

మూలవిచారము

1786 వ సంవత్సరమున కలకత్తాయందలి ఏషియాటిక్ సొసైటీలో సర్ విలియం జోన్సు సంస్కృతమునకును ఐరోపా భాషలకును మూలైక్యమును సూచించెను. 1822 లో యాకోబ్ గ్రిమ్ అను జర్మను పండితుఁడు, జర్మానిక వర్గమునకుఁ జెందిన భాషలయందు హల్లు లెట్లు మాఱినవో క్రమముగా వివరించెను. ఆంగ్లము ఆ వర్గములోనిదే. ఆ నియమము ననుసరించి సంస్కృతమునఁ బదాదియందుండు తకారమునకు ప్రతిగా ఆంగ్లమున దంత్యమైన ఊష్మధ్వని యొకటి వచ్చును. “త్రి” యనుదానికి “థ్రీ”, “తను” అనుదానికి “థిన్”, తృష్ణాశబ్దమునకు “థర్స్ట్” అను మాట, “త్వమ్” అనుదానికి పూర్వాంగ్లమందలి “దౌ” సరిపోవుట దీనికి నిదర్శనములు. తెలుఁగు లిపిలో ఈ ధ్వనికి సరియైన యక్షరము లేదు. థకార దకారములు గుర్తుగా మాత్రమే వ్రాయఁబడుచున్నవి.

ఈ నియమమును మనసునం దుంచుకొని తచ్ఛబ్దమును పరికింపవలెను. సంస్కృతమున ప్రథమైకవచనరూపములు సః, సా, తత్. నాలుగవ శతాబ్దమున బైబిలు భాషాంతరీకరింపఁబడిన గోథిక్ భాషయందు ఇవియే స, సో, థత. వేయేండ్లకు పూర్వమందలి యాంగ్లమున సె, సేఒ, థ్యాట్. మూఁడు భాషలయందును పుంలింగ స్త్రీలింగములకు సకారమును, నపుంసకమునకు తకారమో తత్స్థానీయమైన ధ్వనియో కానవచ్చుచున్నది. తక్కిన విభక్తులయందు సకారము తొలఁగును. సంస్కృతమున “తమ్” అనుచోట గోథిక్ భాషయందు “థన”, ప్రాచీనాంగ్లమున “థొనె”. “తస్య” అనుచోట ప్రాచీనాంగ్లమున “థ్యాస్”.

త్యదాదులయందు అంత్యముగాని తకార దకారములకు, సు పరమగునపుడు, సకారము వచ్చునని పాణిని యష్టాధ్యాయి సప్తమాధ్యాయమున విధించెను. నపుంసకమున సుప్రత్యయమునకు లుక్కగుటచేత ఆ యాదేశము ప్రవర్తింపదు. అందుచేతనే “తత్” అని తకారము నిలిచినది. పాణిని యే భాషకు ఈ విధిని జెప్పెనో ఆ భాషను విననైన వినని పశ్చిమద్వీపవాసుల పలుకునందును ఈ విభాగమే నిలిచియుండుట గమనింపఁదగినది. ఇది యొకదానినుండి యొకటి యెరవు తెచ్చుకొన్నది గాదు. ఉభయభాషలకును మూలమైన ప్రాచీనభాషనుండి యిరువాగులకును సంక్రమించినది.

తరువాతి కథ చిన్నది. ఆంగ్లమున సకారాదిరూపములు తక్కిన విభక్తిరూపముల సాదృశ్యముచేత థకారాదులయ్యెను. లింగభేదమును, వచనభేదమును, విభక్తిభేదమును క్రమముగా నశించెను. కడకు మిగిలినది “ద” యను నొకే రూపము. సర్వనామములలోఁ జేరిన శబ్దము, లింగవచనవిభక్తుల వికారము లేనిదై, అవ్యయమువలె నిలిచినది. నపుంసకరూపమగు “థ్యాట్” మాత్రము వేఱుపడి నేఁటి “దట్” అను దూరార్థక సర్వనామమయ్యెను. కాఁబట్టి “ద”, “దట్” అనునవి యొక్క తచ్ఛబ్దముయొక్క రెండు శాఖలు. ఊనికతోఁ బలుకఁబడునది “దట్”. ఊనిక గోల్పోయినది “ద”. “దిస్”, “దెన్”, “దేర్” అను మాటలును ఆ మూలమునకుఁ జెందినవే.

లిపి

ప్రాచీనాంగ్లమున ఈ పదాదిధ్వనిని వ్రాయుటకు “థార్న్” అను అక్షరము గలదు. అది రూనులను ప్రాచీనలిపినుండి రోమకలిపిలోనికిఁ దేఁబడినది. థార్న్ అనఁగా ముల్లు; ఈ మాటయు సంస్కృతమందలి తృణశబ్దమును ఏకమూలములని నిరుక్తజ్ఞులు చెప్పుదురు. లేఖకుల చేతివ్రాఁతలో ఈ యక్షరము నానాఁటికి “వై” యను రోమకాక్షరమును బోలుచు వచ్చెను. 1476 లో విలియం కాక్స్టన్ వెస్ట్‌మినిస్టరున అచ్చుకూటమును నెలకొల్పెను. ఐరోపాఖండమునుండి వచ్చిన అచ్చక్షరములలో థార్న్ లేకుండుటచే ముద్రాకరులు దాని స్థానమున “వై” నే యుంచిరి. నేఁటికిని ఇంగ్లండులో పాతదనమును సూచింపఁగోరు అంగళ్ళ పలకలమీఁద “యీ ఓల్డ్” అని చదువఁబడు వ్రాఁత కానవచ్చును. అది లిపిభ్రాంతి. ఆ పదమును యకారాదిగా నెవ్వరును బూర్వము పలుకలేదు. అదియు మన “ద” యే. వ్రాఁతనుబట్టి పలుకును నిర్ణయించుటవలనఁ గలుగు ప్రమాదమునకు ఇదియొక నిదర్శనము. ఈ ప్రమాదమే వేఱొక రూపమున పాఠశాలలలోఁ గలుగుచున్నది. అది ముందు చెప్పఁబడును.

ఉచ్చారణము

తెలుఁగు దకారము దంత్యము, ఘోషము, స్పృష్టప్రయత్నము. జిహ్వాగ్రము పంటిని గట్టిగాఁ దాఁకి, గాలి నొకక్షణ మాఁపి, పిమ్మట విడుచును. ఆంగ్లపదమందలి ధ్వనియు దంత్యమే, ఘోషమే, ప్రయత్నమునందే భేదము. ఇందు జిహ్వాగ్రము పైపండ్ల యంచున నానియు నానకయుండును. గాలి యాగక ఆ సందున వెలువడుచుండును. శిక్షాకారుల పరిభాషలో దీనిని ఈషద్వివృతప్రయత్నముగల ఘోషదంత్యమని చెప్పవచ్చును. సంస్కృతమున శషసలు ఈ ప్రయత్నముగలవైనను అఘోషములు. “థిన్”, “థింక్” మొదలగు మాటలలోని ధ్వనియు అఘోషమే. ఊనిక లేక తఱచుగా వచ్చు “ద”, “దిస్”, “దట్”, “దెన్” మొదలగు మాటలయందు మాత్రము అది ఘోషముగా మాఱినది.

అచ్చునుబట్టి ఈ పదమునకు మూఁడు రూపములు గలవు. హల్లు పరమగునపుడు “ద”; అచ్చు పరమగునపుడు “ది”; విశేషముగా నొక్కి చెప్పునపుడు దీర్ఘాంతమగు “దీ”. మొదటిదానిలోని అచ్చు నోరు విశాలముగాఁ దెఱవక పలుకఁబడు హ్రస్వాకారము. వ్యాకరణప్రక్రియలో వివృతముగా గ్రహింపఁబడిన హ్రస్వాకారము ప్రయోగమున సంవృతమని పాణిని తన గ్రంథముయొక్క కడపటి సూత్రమునఁ జెప్పినదానిని స్మరించువారికి ఈ ధ్వని వెంటనే బోధపడును. దానిని “దా” యని సాగఁదీయరాదు.

“ద బుక్”, “ద రివర్”, “ద స్కూల్” అనుచోట్ల హల్లు పరమైనది. “ది ఆపిల్”, “ది ఇంక్”, “ది ఓషన్” అనుచోట్ల అచ్చు పరమైనది. ఆంగ్లాక్షరములలో ఐదింటిని అచ్చులని చెప్పి, వానిలో నొకటి పదాదియందున్నచో “ది” యనవలెనని బోధించుట వాడుక. ఈ బోధయే తప్పునకు మూలము. విధి ధ్వనికిఁ గాని లిపికిఁ గాదు. “యూనివర్సిటీ”, “యూరోపియన్” అను మాటలు ఆంగ్లలిపిలో అచ్చుగుర్తుతో మొదలగును, ధ్వనియందు యకారాదులు. కావున “ద యూనివర్సిటీ” యనవలెను. “వన్” అనుమాటయు లిపిలో అచ్చుతోను ధ్వనిలో వకారముతోను మొదలగును. దీనికి విపర్యయముగా “అవర్”, “ఆనర్” అను మాటలు లిపిలో హకారపు గుర్తుగలవైనను, అది పలుకఁబడదు. కావున “ది అవర్”, “ది ఆనర్”. పొడియక్షరములయందును ఇట్లే: “ది ఎమ్. పి.”, “ద యు. ఎన్. ఓ.”. మకారాక్షరమునకు ఆంగ్లమునఁ బేరు “ఎమ్” గనుక అచ్చు పరమైనది. “యు” అను పేరు యకారాది గనుక హల్లు పరమైనది.

తెలుఁగు లిపి ధ్వన్యనుసారి యగుటచేత ఇచ్చట మిక్కిలి యుపకరించును. పరపదమును తెలుఁగున వ్రాసి చూచినచో అచ్చో హల్లో తేలిపోవును. ఒక్క జాగ్రత్త మాత్రము వలయును. తెలుఁగువారి నోట పదాదియందలి ఎకార ఒకారములకు ముందు యకార వకారములు చేరుట సహజము. “ఎగ్” అనుదానిని “యెగ్గు” అని పలికినచో విధి తారుమాఱగును. ముందు పరపదమును సరిగాఁ బలికించి, పిమ్మటనే నిర్దేశకమును జేర్పించుట మేలు.

పరధ్వనినిబట్టి నిర్దేశకము మాఱుట ఆంగ్లమునకే విశేషము గాదు. తచ్ఛబ్దముయొక్క ప్రథమైకవచనమునకు హల్లు పరమగునపుడు సుప్రత్యయము లోపించునని పాణిని షష్ఠాధ్యాయమున విధించెను. అందుచేత వాక్యాంతమున “సః” అని నిలుచు పదము “స గచ్ఛతి”, “స పఠతి” యనుచోట్ల విసర్గము లేక యుండును. అకారము పరమగునపుడు “సోఽపి” యని మఱొక రూపము దాల్చును. ఏకమూలములైన “సః”, “ద” అను పదములు రెండును హల్లు పరమగునపుడు తగ్గినరూపమును ధరించుట విద్యార్థి మనసున నాటుకొనదగిన సామ్యము. అయినను ఆంగ్లభేదము చాల తరువాత పుట్టినది గనుక దీనిని మూలభాషనుండి వచ్చిన దాయముగా నెంచరాదు. తరువాతి పదమునకు అంగమువలె నంటియుండు చిన్నపదము, ఆ పదాదిధ్వనికి లోఁబడుట యనేకభాషల స్వభావము.

తెలుఁగునందే దీనికి చక్కని దృష్టాంతము గలదు. చిన్నయసూరి 1858 లో వెలువరించిన బాలవ్యాకరణమున ఆ, ఈ, ఏ యనువానికి త్రికమని సంజ్ఞ చేసెను. త్రికమునకు అసంయుక్తమైన హల్లు పరమగునపుడు ఆ హల్లునకు ద్విత్వమును, త్రికమునకు హ్రస్వమును బహుళముగా వచ్చును: ఆ + కన్య = అక్కన్య; ఈ + కాలము = ఇక్కాలము. అచ్చు పరమగునపుడు దీర్ఘము నిలిచి యడాగమము వచ్చును: ఆ + అశ్వము = ఆ యశ్వము. ఆంగ్లమునను హల్లునకు ముందు “ద” యని అచ్చు సన్నగిల్లును. అచ్చునకు ముందు “ది” యని నిలిచి, నడుమ తేలికయైన యకారధ్వని పొడసూపును. త్రికసంధి నెఱిఁగిన బాలునకు ఈ విధిని వేఱుగా బోధింపనక్కఱలేదు. పోల్చి చూపిన చాలును.

తెలంగాణమున నెల్లవారి చెవులకును సోఁకిన మఱొక నిదర్శనము గలదు. అరబ్బీభాషయందలి “అల్” అనునదియు నిర్దేశకమే. “నిజాముల్ముల్కు” అను బిరుదమున దాని లకారము నిలిచియున్నది. 1829 మొదలు 1857 వఱకు హైదరాబాదు నేలిన “నాసిరుద్దౌలా” పేరున అదే లకారము దకారము పరమగుటచేత దకారమైనది.

తెలుఁగువ్రాఁతలో “ది” యనునదియే యంతట వ్యాపించియున్నది. 1878 లో మదరాసున వెలసిన ఆంగ్లపత్రికను “ది హిందూ” అని వ్రాయుట ప్రసిద్ధము. పేరుగా స్థిరపడినదానిని మార్పఁబనిలేదు. ఆంగ్లవాక్యమున పలుకునపుడు మాత్రము హకారము హల్లగుటచేత “ద హిందూ” యనుట సరియైనది.

ఆంగ్లదేశమునందే దేశభేదముచేతను కాలభేదముచేతను మార్పులు గలవు. యార్క్‌షైరు, లాంకషైరు ప్రాంతములయందు ఈ పదము కేవలము టకారమాత్రముగా సంకోచించి తరువాతి మాటకు ముందు వినఁబడును. 1667 లో వెలువడిన ప్యారడైజ్ లాస్ట్ కావ్యమున మిల్టను, అచ్చు పరమగునపుడు దీని యచ్చును లోపింపఁజేసి ఛందస్సు నిర్వహించినచోట్లు పెక్కు గలవు. అమెరికాలో నిప్పుడు కొందఱు అచ్చునకు ముందును “ద” యనియే పలికి నడుమ గొంతు నొకింత బిగింతురు. ఇవి తెలిసియుండుట మంచిది. విద్యార్థికి నేర్పవలసినది మాత్రము పైని చెప్పిన సామాన్యవిధియే.

దీర్ఘాంతమగు “దీ” అర్థమునుబట్టి వచ్చునది. ఒకానొకఁడు తన పేరు రామానుజన్ అని చెప్పఁగా, వినువాఁడు “దీ రామానుజన్?” అని ప్రశ్నించినచో, గణితశాస్త్రమున జగద్విఖ్యాతుఁడైన ఆ రామానుజుఁడేనా యని భావము. ఇచ్చట పరమైనది హల్లే. అయినను ఊనికచేత దీర్ఘము వచ్చినది.

అర్థము

“ద” యొక్క సామాన్యార్థ మొక్కటియే: ఏ వస్తువు ఉద్దేశింపఁబడినదో శ్రోత గుర్తింపఁగలఁడని వక్త సూచించుట. ఆ గుర్తింపునకు హేతువులు పెక్కు గనుక ప్రయోగములును పెక్కులుగాఁ గానవచ్చును.

మొదటిది పూర్వోక్తి. ఒక రాజు గలఁడని చెప్పి, పిమ్మట ఆ రాజునుగూర్చి చెప్పునపుడు రెండవసారి “ద కింగ్” అందురు. న్యాయస్థానపు తెలుఁగులోని “సదరు” అనుమాట ఈ యర్థమునకుఁ జాల దగ్గఱిది. రెండవది సన్నిధానము. గదిలోఁ గూర్చున్నవానితో “షట్ ద డోర్” అన్నచో ఎదుటనున్న తలుపే యని వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. మూఁడవది ఏకత్వము: “ద సన్”, “ద మూన్”, “ది ఎర్త్”. నాలుగవది విశేషణబలము: నిన్న వచ్చిన మనుష్యుఁడు, అన్నిటికంటె నెత్తైన చెట్టు, మూఁడవ అధ్యాయము అనుచోట్ల విశేషణమే వస్తువును నిర్ణయించుచున్నది.

ఐదవది జాతి. “ద కౌ” అని యేకవచనమునఁ జెప్పి గోజాతినంతను గ్రహింపవచ్చును. శబ్దమున కర్థము జాతియా ద్రవ్యమా యనుచర్చ భారతదేశమున చిరకాలము జరిగినది. వాజప్యాయనుఁడు ఆకృతి యనెను, వ్యాడి ద్రవ్యమనెను. జాతిని జెప్పునపుడు ఏకవచనార్థమున బహువచనము వికల్పముగా వచ్చునని పాణిని ప్రథమాధ్యాయమునఁ జెప్పెను. ఆంగ్లమునను ఈ వికల్పము గలదు; కాని యేకవచనమున “ద” యుండవలెను, బహువచనమున నుండరాదు. “ద కౌ” అన్నను, నిర్దేశకము లేక “కౌస్” అన్నను జాతియే బోధపడును. “ద కౌస్” అన్నచో తెలిసిన కొన్ని యావులు మాత్రమే యగును. ఆఱవది గుణవాచకమునుండి సముదాయబోధ: “ద పూర్” అనఁగా బీదలు.

సంజ్ఞావాచకములయందు వాడుకయే ప్రమాణము. నదులకు నిర్దేశకము వచ్చును: “ద గోదావరి”, “ద కృష్ణ”. పర్వతపంక్తులకు వచ్చును: “ద హిమాలయాస్”. ఒంటిశిఖరమునకు రాదు: “ఎవరెస్ట్”. పట్టణములకును దేశములకును సామాన్యముగా రాదు. యుక్రెయిన్ దేశమును పూర్వము ఆంగ్లమున నిర్దేశకముతోఁ జెప్పువాడుక గలదు. 1991 లో ఆ దేశము స్వతంత్రమైన పిదప, నిర్దేశకము దానిని వేఱొక రాజ్యముయొక్క ప్రాంతముగా ధ్వనింపఁజేయునని తలఁచి దానిని విడిచిరి. అర్థములేని పదమని యనుకొనఁబడు ఈ యేకాక్షరము ఒక రాజ్యముయొక్క గౌరవమునకు సంబంధించిన విషయమైనది.

నిర్దేశకము లేకుండుటకును అర్థము గలదు. “గో టు స్కూల్” అనఁగా చదువుకొనుటకు బడికిఁ బోవుట. “గో టు ద స్కూల్” అనఁగా తెలిసియున్న యొక బడికి ఏ పనికైనను బోవుట. బిడ్డ చేయునది మొదటిది. బిడ్డను తోడ్కొని వచ్చుటకై తండ్రి చేయునది రెండవది.

వేఱొక “ద”

ఆంగ్లమున “ద సూనర్, ద బెటర్” వంటి వాక్యములు గలవు. ఎంత శీఘ్రమైన నంత మేలని యర్థము. ఇచ్చట “ద” తరువాత నామవాచకమే లేదు. నిర్దేశించుటకు వస్తువును లేదు. ఇది ప్రాచీనాంగ్లమున తచ్ఛబ్దముయొక్క తృతీయావిభక్తిరూపము. “దానిచేత”, “అంతమేరకు” అని దాని యర్థము. సంస్కృతమందలి “యథా యథా – తథా తథా”, తెలుఁగునందలి “ఎంత – అంత” దీనికి సమానములు. “నెవర్‌దలెస్” అను సమస్తపదమున నడుమనున్నదియు ఈ తృతీయయే. తక్కిన విభక్తులు నశించినను ఇది పలుకుబడిలోఁ జిక్కుకొని, ధ్వనియందు నిర్దేశకముతో నేకమై నిలిచినది. దీనిని “ఆ” యని తెలిఁగించుటకు వీలే లేదు.

తెలిఁగించుట

పై ప్రయోగములను జూడఁగా, “ద” యనుచోటనెల్ల “ఆ” యని వ్రాయు నలవాటు ఎట్టి యనర్థమునకు దారితీయునో స్పష్టము. సూర్యుఁడు తూర్పున నుదయించునను నర్థముగల ఆంగ్లవాక్యమున నిర్దేశకము రెండుసారులు వచ్చును. దానిని “ఆ సూర్యుఁడు ఆ తూర్పున నుదయించును” అని తెలిఁగించినచో, వేఱొక సూర్యుఁడును వేఱొక తూర్పును గలవను భ్రాంతి కలుగును. తెలుఁగు “ఆ” దూరార్థకము, ఊనికగలది. అది “దట్” అనుదానికి సమానము. ఊనిక గోల్పోయిన “ద” కు తెలుఁగున ప్రత్యేకపదము లేదు. సంస్కృతమున లేదు; లాటినున లేదు. లాటినునుండి పుట్టిన ఫ్రెంచి, ఇటాలియను భాషలు మాత్రము “ఇల్లె” యను దూరార్థక సర్వనామమునుండి నిర్దేశకములను గల్పించుకొన్నవి.

పదము లేకున్నను ఆ యర్థమును తెలుపు నుపాయములు తెలుఁగునఁ గలవు. పదక్రమము మొదటిది. “పుస్తకము బల్లమీఁద నున్నది” యన్నచో ఇదివఱకు తెలిసిన పుస్తకమే. “బల్లమీఁద పుస్తకము గలదు” అన్నచో క్రొత్తగాఁ జెప్పఁబడుచున్న యొక పుస్తకము. ఆంగ్లేయుఁడు మొదటిదానికి “ద” ను, రెండవదానికి “ఎ” ను వాడును. ద్వితీయావిభక్తి రెండవ యుపాయము. జడవాచకములకు ద్వితీయార్థమున ప్రథమయు వచ్చును. “పుస్తకము తెచ్చెను” అన్నచో ఏదో యొక పుస్తకము. “పుస్తకమును తెచ్చెను” అన్నచో తఱచు తెలిసిన పుస్తకము. ఈ సూక్ష్మభేదములు తెలుఁగుబిడ్డకు మాతృభాషతోడనే యబ్బియున్నవి. వానిని విడిచి “ఆ” యను నొక్క మాటను చేతికిచ్చుట, ఉన్న సొమ్మును మఱపించి యెరవు సొమ్ము నిచ్చుట వంటిది. భాషాంతరీకరణములయందు అడుగడుగున కనఁబడు అనావశ్యకమైన “ఆ” లు ఈ బోధయొక్క ఫలములే.

బోధనక్రమము

ఉపాధ్యాయుఁడు మొదట చెవిని, పిమ్మట కంటిని ఆశ్రయింపవలెను. ఆంగ్లపుస్తకమును మూసియుంచి, పరపదములను నోటఁ బలికి, అచ్చు పరమైనదో హల్లు పరమైనదో విద్యార్థులచేతఁ జెప్పించి, “ద”, “ది” లను చేర్పింపవలెను. త్రికసంధి జదివిన తరగతిలో అక్కన్య, ఆ యశ్వము అను నుదాహరణములను ప్రక్కన వ్రాయింపవచ్చును. అర్థబోధయందు తెలుఁగువాక్యముల జంటలను ముందిచ్చి, వానియం దే వస్తువు తెలిసినదో ఏది క్రొత్తదో యడుగవలెను. ఆ తరువాతనే ఆంగ్లమునకుఁ బోవలెను. తెలిఁగించునపుడు “ఆ” వ్రాసిన ప్రతిచోటను దానిని తీసివేసి చదివించి, అర్థము చెడనిచో విడిచివేయ నాజ్ఞాపింపవలెను. తెలుఁగు చెప్పు పండితుఁడును ఆంగ్లము చెప్పు నుపాధ్యాయుఁడును ఒకే వారమున ఈ పాఠమును జెప్పుకొనునట్లు ఏర్పఱచుకొన్నచో ఉభయభాషలకును మేలు చేకూరును. విజ్ఞులు దీనిని తమ పాఠశాలలయందుఁ బరీక్షించి చూతురు గాక.